కుక్కా పిల్లీ వెంట ఉండగా మోటార్‌హోమ్‌లోనే కాపురం, కొండల్లో నడక: ఎలా మొదలుపెట్టాలి

మోటార్‌హోమ్ చూడ్డానికి వెళ్లేటప్పుడు కుక్కను కూడా వెంట తీసుకెళ్లండి. నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. మేము మొదటి బండి కొనేటప్పుడు సోలార్ ఎంత, ట్యాంకు ఎంత, మంచం ఎంత పొడవు అని అన్నీ కొలిచాం గానీ మా భీముడు ఆ తలుపు మెట్లు ఎక్కుతాడా లేదా అని చూడలేదు. జల్లెడలా కింద నేల కనిపించే ఇనుప మెట్లు అవి. వాడు మొదటి మెట్టు మీద కాలు పెట్టి, కిందకి చూసి, వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆ తర్వాత మూడు వారాలు వాణ్ని ఎత్తుకునే ఎక్కించాం, ఎత్తుకునే దించాం. మెట్ల మీద పాత కార్పెట్ ముక్కలు కట్టాక గానీ దారికి రాలేదు. పేరుకి భీముడే గానీ బరువు 14 కిలోలు కాబట్టి సరిపోయింది, అదే 40 కిలోల కుక్కయితే మా నడుములు ఏమయ్యేవో.

ఏడాదంతా బండిలోనే ఉంటూ, కొండలెక్కుతూ, కుక్కనో పిల్లినో వెంట పెట్టుకుని తిరగాలనుకునేవాళ్లు మామూలుగా ముందు బండి కొంటారు, తర్వాత రూట్లు చూసుకుంటారు, ఆఖర్న జంతువును అందులో ఇరికిస్తారు. దాన్ని తిరగేసి చేయండి. మీలో అందరికన్నా ముందు అలిసిపోయేది, అందరికన్నా ముందు వేడెక్కేది, నోరు తెరిచి చెప్పుకోలేనిది ఎవరో చూసి, దాన్ని బట్టి బండి, దాన్ని బట్టి రూటు, దాన్ని బట్టి రోజుకెంత దూరం అనేది పెట్టుకోవాలి. నేను చెప్పేదంతా ఆ వరసలోనే ఉంటుంది.

మొదట డాక్టర్ దగ్గరికి

బయల్దేరడానికి కనీసం మూడు నెలల ముందు, మీకు ఎన్నాళ్లుగానో తెలిసిన వెటర్నరీ డాక్టర్ దగ్గరికి వెళ్లి "ఇలా ఏడాది పొడవునా తిరగబోతున్నాం, రోజూ నడుస్తుంది" అని చెప్పి పూర్తిగా చూపించండి. గుండె, కీళ్లు, పళ్లు. పళ్లెందుకంటే, పంటికి మత్తిచ్చి చేయాల్సిన పని ఏదైనా ఉంటే అది దారి మధ్యలో కొత్త ఊళ్లో చేయించడం నరకం. పెద్ద జాతి కుక్కపిల్లయితే ఇంకో సంగతి: వాటి ఎముకల చివర్లు గట్టిపడడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, అప్పటిదాకా ఏటవాలు దారుల్లో గంటలకొద్దీ నడిపించకూడదు, ఎంత హుషారుగా ఉన్నా సరే. చప్పిడి మూతి కుక్కలు, అంటే పగ్, బుల్‌డాగ్ లాంటివైతే ఎండలో ఎక్కడం అనే ఆలోచనే మానుకోండి, వాటికి ఊపిరి తీసుకునే దారే ఇరుకు.

మైక్రోచిప్, అంటే చర్మం కింద పెట్టే గుర్తింపు చిప్, లేకపోతే వేయించండి. 15 అంకెలుండే అంతర్జాతీయ ప్రమాణం చిప్ అడగండి, దాదాపు ఎక్కడి స్కానర్‌తోనైనా చదవగలుగుతారు. వేయించడం ఒక ఎత్తు, ఆ నంబరుకి మీ ఇప్పటి ఫోన్ నంబర్ రిజిస్టర్ అయి ఉందా లేదా చూసుకోవడం ఇంకో ఎత్తు. పాత నంబర్‌తో ఉన్న చిప్ ఉన్నా లేనట్టే.

దేశాలు దాటే ఆలోచన ఉంటే కేలెండర్ ముందేసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లోకి తీసుకెళ్లాలంటే ముందు చిప్ వేశాకే రేబిస్ టీకా వేయించాలి, మొదటిసారి టీకా అయితే ఆ తర్వాత 21 రోజులు ఆగాలి. వరస తప్పితే టీకా మళ్లీ మొదటి నుంచి. బ్రిటన్‌లోకి కుక్కను తీసుకెళ్తుంటే, చాలా దేశాల నుంచి వచ్చేవాళ్లకి, లోపలికి అడుగుపెట్టే ముందు 24 గంటలకు తక్కువ కాకుండా 120 గంటలకు ఎక్కువ కాకుండా డాక్టరు చేత బద్దెపురుగు మందు వేయించి రాయించుకోవాలి. కొన్ని చోట్ల రక్తపరీక్ష కూడా అడుగుతారు, దానికి నెలలు పడుతుంది. అందుకే "వెళ్లాక చూసుకుందాం" అనే మాట ఇక్కడ చెల్లదు. కాగితాలన్నీ ఫోన్‌లో ఒక కాపీ, బండిలో ప్లాస్టిక్ కవర్లో ఒక కాపీ పెట్టుకోండి.

బండి

దీని మీద చెప్పుకుంటూ పోతే తెల్లారిపోతుంది, జంతువులున్న ఇంటికి సంబంధించినవే చెప్తాను.

బరువు. ప్రతి బండికీ కంపెనీ వాళ్లు మొత్తం ఇన్ని కిలోలు మించకూడదని రాసి ఇస్తారు. ఖాళీ బండి ఆ లెక్కకి చాలా తక్కువే ఉంటుంది, అక్కడే మోసపోతాం. లీటరు నీళ్లు కిలో. 100 లీటర్ల ట్యాంకు నింపితే 100 కిలోలు. ఇద్దరు మనుషులు, కుక్క, రెండు బస్తాల తిండి, ట్రెక్కింగ్ సామాన్లు, లిట్టర్ బస్తా (పిల్లి దొడ్డికెళ్లే ట్రేలో పోసే ఇసుకలాంటిది, అది ఎంత బరువుంటుందో మోసినవాళ్లకే తెలుసు), అన్నీ వేసి, ట్యాంకులు నింపి, లారీలు తూచే వేబ్రిడ్జికి తీసుకెళ్లి తూచండి. ముందు చక్రాలు వేరు, వెనక చక్రాలు వేరుగా కూడా తూచమనండి. అప్పుడే టైర్ల పక్కగోడ మీద అచ్చయిన నాలుగంకెలు కూడా చదవండి: 2321 అని ఉంటే 2021లో 23వ వారం తయారైందని అర్థం. ఎక్కువ కాలం నిలబడి ఉన్న సెకండ్‌హ్యాండ్ బండ్ల టైర్లు అరగవు, కొత్తగా కనిపిస్తాయి, కానీ లోపల రబ్బరు గట్టిపడిపోయి ఉంటుంది.

నేల మీద కార్పెట్ ఉంటే పీకేయండి. బురద కాళ్లు, తడి బొచ్చు, పిల్లి వాంతి, ఇవన్నీ వినైల్ మీదైతే రెండు నిమిషాల పని. తలుపు దగ్గర పాత తువ్వాలు, ఒక బకెట్టు ఎప్పుడూ ఉండాలి. కుక్క పడుకునే చోటు నడిచే దారికి అడ్డం రాకుండా, తలుపుకి మరీ దగ్గర కాకుండా చూడండి. తలుపు పక్కనే పడుకునే కుక్క రాత్రంతా కాపలా డ్యూటీ చేస్తుంది, అది నిద్రపోదు, మిమ్మల్నీ పోనివ్వదు.

కరెంటు లెక్క వేసుకోండి, ఎందుకంటే మీకు ఫ్యాన్ లేకపోయినా నడుస్తుందేమో గానీ జంతువుకి నడవదు. పైకప్పు ఫ్యాన్ 12 వోల్ట్‌ల మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుందనుకుంటే 24 గంటలకి 48 ఆంపియర్ అవర్లు. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవడం మంచిది కాబట్టి అది ఫ్యాన్‌కే సరిపోయింది, ఇంక ఫ్రిజ్ ఎలా? అదే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అయితే దాదాపు మొత్తం వాడుకోవచ్చు, కాకపోతే గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద దాన్ని చార్జ్ చేయకూడదు, చలి ప్రాంతాల్లో తిరిగేవాళ్లు అది గుర్తుపెట్టుకోవాలి. గ్యాస్ మీద నడిచే పాత రకం ఫ్రిజ్ ఉంటే బండి మట్టంగా నిలబెట్టాలి, చిన్న రసమట్టం ఒకటి కొని నేల మీద పెట్టి చూసుకోండి.

గ్యాస్ లీకైతే కనిపెట్టే అలారం ఒకటి, కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇంకొకటి, రెండూ వేరు, రెండూ కావాలి. వంటగ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదకి దిగుతుంది. నేల మీద పడుకునేది ఎవరు? కుక్క. అందుకే గ్యాస్ అలారం కింద, నేలకి దగ్గరగా ఉండాలి.

బయల్దేరకముందు ఇంటి ముందే రిహార్సల్

బండి తెచ్చి ఇంటి ముందు పెట్టి, పది రోజులపాటు కుక్క తిండి అందులోనే పెట్టండి, తలుపు తెరిచి ఉంచండి, ఇంజన్ ముట్టుకోకండి. తర్వాత ఇంజన్ వేసి కదలకుండా నిలబెట్టండి. తర్వాత వీధి చివరిదాకా. తర్వాత ఒక రాత్రి, తర్వాత రెండు వారాలు. విసుగొచ్చేంత నెమ్మది. కానీ ఇంట్లో ఉన్న ధైర్యస్తురాలైన పిల్లి ఇంజన్ శబ్దం వినగానే సింక్ కింద గొట్టాల వెనక్కి దూరి ఆరు గంటలు రాకపోతే, అది ఇంటి ముందు జరిగితే నయమా, కొండదారి మధ్యలో జరిగితే నయమా?

పిల్లి సంగతి వేరే

కుక్క ఊరితో కాదు, మనతో కాపురం చేస్తుంది. పిల్లి ఇంటితో చేస్తుంది. కాబట్టి బండే ఇల్లని దానికి అనిపించాలి. మా మల్లికి అలా అనిపించడానికి నాలుగు నెలలు పట్టింది.

బండి కదులుతున్నంతసేపూ పిల్లి క్యారియర్‌లోనే ఉండాలి, ఆ క్యారియర్ బెల్టుతో కట్టి ఉండాలి. "మా పిల్లి ఒళ్లో బుద్ధిగా కూర్చుంటుంది" అనేవాళ్లని చాలామందిని చూశాను. అది బ్రేక్ పెడల్ కిందకి దూరే రోజు ఒక్కటి చాలు.

స్లయిడ్-అవుట్, అంటే గోడ బయటికి జరిగి గది పెద్దదయ్యే ఏర్పాటు ఉన్న బండ్లలో, ఆ గోడ లోపలికి లాగేటప్పుడు దాని వెనక, కింద సందుల్లో పిల్లి ఉంటే నలిగిపోతుంది. బటన్ నొక్కే ముందు పిల్లిని కళ్లతో చూడాలి, చేత్తో పట్టుకోవాలి. "ఇందాక మంచం మీదే ఉంది" అనేది లెక్కలోకి రాదు. మా ఇంట్లో రూలు: మల్లి క్యారియర్‌లోకి వెళ్లి జిప్ పడ్డాకే మా ఆయన ఆ బటన్ దగ్గరికి వెళ్తాడు.

పిల్లి తప్పిపోవడానికి అడవే అక్కర్లేదు, పెట్రోల్ బంకు చాలు. తలుపు తెరుస్తాం, ఎవరో హారన్ కొడతారు, అంతే. రెండో తలుపులా పనిచేసేలా ఒక వల గానీ బేబీ గేట్ గానీ పెట్టుకోండి. పిల్లి మెడకి పట్టీ చాలదు, జారిపోతుంది. ఒంటికి చుట్టే హార్నెస్ వేయండి, దానికే చిన్న ట్రాకర్. లిట్టర్ ట్రే షవర్‌లో పెట్టండి, స్నానం చేసేటప్పుడు తీస్తే సరి, రోజుకి రెండుసార్లు ఎత్తకపోతే ఆ చిన్న గదిలో మీరుండలేరు.

పిల్లిని ట్రెక్‌కి తీసుకెళ్లాలా? కొన్ని పిల్లులు హార్నెస్‌తో నడుస్తాయి, బ్యాగులో కూర్చుని లోకం చూస్తాయి. ఎక్కువ పిల్లులకి అది ఇష్టం ఉండదు. ఫొటో కోసం బలవంతపెట్టకండి. మల్లి కిటికీ దగ్గర కూర్చుని పక్షుల్ని చూడడమే దాని ట్రెక్కింగ్.

వేడి: మిగతాదంతా మర్చిపోయినా ఇది మర్చిపోకండి

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక చాచి రొప్పడమే దాని ఏసీ. మూసిన కార్ల మీద చేసిన కొలతల్లో, ఎండ ఉన్న రోజు గంటలో లోపలి వేడి సగటున 22 డిగ్రీల సెల్సియస్ దాకా పెరిగింది, అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. బయట 22 డిగ్రీలు ఉండి హాయిగా అనిపించిన రోజు కూడా లోపల 40 దాటిపోతుందన్నమాట. కిటికీ కొంచెం దించడం వల్ల దాదాపు ఏ తేడా రాలేదు. మోటార్‌హోమ్ కారుకన్నా పెద్దది, కొంచెం నెమ్మదిగా వేడెక్కుతుందేమో, ముందు అద్దం మాత్రం కారు అద్దంకన్నా చాలా పెద్దది.

కాబట్టి ఏం చేయాలంటే, ముందు నీడ చూసి బండి ఆపండి, పొద్దున్న నీడ కాదు, మధ్యాహ్నం రెండింటికి నీడ ఎక్కడ పడుతుందో చూసుకోండి. ముందు అద్దానికీ, కిటికీలన్నిటికీ వెండిరంగు రిఫ్లెక్టర్లు పెట్టండి. పైకప్పు మీద ఒక ఫ్యాన్ గాలి బయటికి నెట్టేలా, ఎదురుగా ఒక కిటికీ తెరిచి. లోపల సిమ్ కార్డుతో పనిచేసే టెంపరేచర్ అలారం పెట్టి, 27 డిగ్రీలు దాటితే ఫోన్‌కి మెసేజ్ వచ్చేలా సెట్ చేయండి. ఫోన్‌కి సిగ్నల్ లేని చోటికి మీరు వెళ్తే ఆ అలారం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అని వేరే చెప్పక్కర్లేదు కదా.

ఏసీ వేసి వెళ్లడం మీద కూడా నమ్మకం పెట్టుకోకండి. ఒకసారి క్యాంపులో కరెంటు ప్లగ్గు పెట్టి, ఏసీ వేసి, ఇద్దరం సామాన్లకి వెళ్లాం. పక్క బండివాళ్లు ఏదో పెద్ద హీటర్ వేశారట, ఫ్యూజ్ పోయింది. అలారం మోగింది కాబట్టి, మేము పది నిమిషాల దూరంలోనే ఉన్నాం కాబట్టి పరిగెత్తుకొచ్చాం. మేమొచ్చేసరికి లోపల 33. భీముడూ మల్లీ బాగానే ఉన్నారు గానీ నాకు చేతులు వణకడం ఆగలేదు. ఆ రోజు నుంచి మాకొక లెక్క: బయట 20 డిగ్రీలు దాటి, ఎండ కాస్తూ ఉంటే జంతువులతోపాటు ఒక మనిషి ఉండి తీరాలి. మీ లెక్క మీరు పెట్టుకోండి, అది ముందే పెట్టుకోండి, అక్కడికెళ్లాక కొండ కనిపిస్తుంటే బుద్ధి పనిచేయదు.

దీనర్థం ఇద్దరూ కలిసి ఎక్కలేని కొండలు ఉంటాయని. అవును, ఉంటాయి. పొద్దున నేను, మర్నాడు మా ఆయన, వంతులేసుకుని వెళ్తాం. మొదట్లో బాధేసింది, ఇప్పుడు మాత్రం ఒంటరిగా నడవడం కూడా బాగుందనిపిస్తోంది.

వడదెబ్బ తగిలితే ఎలా ఉంటుందంటే: ఆగని రొప్పు, చిక్కటి చొంగ, ఎర్రబడ్డ చిగుళ్లు, తూలడం, వాంతి. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీలు, అది మనకి జ్వరమనిపించే అంకె, కంగారుపడకండి. 41 వైపు వెళ్తోందంటే మాత్రం ప్రాణం మీదకి వచ్చినట్టే. నీడలోకి తీసుకెళ్లి చల్లటి నీళ్లు ఒంటి మీద పోస్తూనే ఉండండి, గాలి తగిలేలా విసరండి, తడి తువ్వాలు కప్పి వదిలేయకండి, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. ముందు చల్లబరచండి, ఆ తర్వాతే డాక్టర్ దగ్గరికి బయల్దేరండి. తేరుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే, లోపలి అవయవాలకి తగిలిన దెబ్బ గంటల తర్వాత బయటపడుతుంది.

బండి నడిపే రోజు

రోజుకి మూడు గంటలు మించి నడపకండి. మొదటి నెల ఎలాగూ మించుతారు, తర్వాత మీకే తెలుస్తుంది. బయల్దేరే ముందు రెండు మూడు గంటల్లో కుక్కకి కడుపునిండా పెట్టకండి, వాంతులు తగ్గుతాయి. క్రాష్ టెస్ట్ చేసిన హార్నెస్ గానీ కట్టేసిన క్రేట్ (కుక్కను ఉంచే గట్టి పెట్టె) గానీ వాడండి, మెడపట్టీకి సీటు బెల్టు తగిలించడం ప్రమాదం. రెండు గంటలకోసారి ఆపి దించండి, దించేముందు లోపలే తాడు తగిలించండి. మధ్యాహ్నం మూడింటికల్లా ఆగిపోయేలా ప్లాన్ చేసుకుంటే చీకట్లో చోటు వెతుక్కునే టెన్షన్ ఉండదు, కొత్త చోటు చుట్టూ ఒక రౌండ్ కుక్కను తిప్పే టైమూ ఉంటుంది.

ఆగగానే చేసే పని: దగ్గర్లో రాత్రిపూట కూడా తెరిచి ఉండే జంతువుల ఆసుపత్రి ఎక్కడుందో చూసి, నంబరు రాసి ఫ్రిజ్ మీద అతికించండి. ప్రతి కొత్త చోటా. రెండు నిమిషాలు పడుతుంది.

నడక రోజు

దారి ఎంచుకునే ముందు అక్కడికి కుక్కల్ని రానిస్తారో లేదో చూడండి. అమెరికాలో చాలా నేషనల్ పార్కుల్లో కుక్కని క్యాంపు దాకా, తారు రోడ్ల మీద దాకా రానిస్తారు గానీ నడకదారుల్లోకి రానివ్వరు. అకాడియా లాంటి చోట్ల మాత్రం చాలా దారుల్లో అనుమతి ఉంది, తాడు ఆరడుగులకి మించకూడదు. పేరున్న పార్కుకి పక్కనే ఉండే మామూలు అడవిలో చాలాసార్లు అంత అందమైన దారే ఉంటుంది, జనం ఉండరు, కుక్కకీ అనుమతి ఉంటుంది. మేము ఇప్పుడు పేరున్న పార్కు కన్నా ముందు పక్క అడవి మ్యాపే తెరుస్తున్నాం.

టైము లెక్కకి ఒక పాత సూత్రం ఉంది, 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పింది: ఇప్పటి కొలతల్లో గంటకి 5 కిలోమీటర్లు, పైన ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్లు, 600 మీటర్ల ఎత్తు అయితే మూడు గంటలు. అది గట్టి మనిషి ఆగకుండా నడిచే లెక్క. కుక్క వెంట ఉంటే నేను దానికి సగం కలుపుతాను, మూడు కాస్తా నాలుగున్నర. ప్రతి చెట్టూ వాసన చూడాలి కదా వాడు.

కుక్కకి కూడా అలవాటు చేయాలి. మొదటి వారం రెండు మూడు కిలోమీటర్లు చదును నేల మీద, తర్వాత వారం వారం కొంచెం పెంచుతూ. కుక్క తన యజమాని నడుస్తున్నంతసేపూ నడుస్తుంది, అలిసిపోయానని చెప్పదు, అదే దాని గుణం, అదే మనకి ప్రమాదం. వెనకబడడం, నీడ కనిపించిన ప్రతిచోటా కూలబడడం, పాదం నాకడం కనిపిస్తే వెనక్కి తిరగండి. ఎంత దూరం వచ్చామన్నది చూడకండి.

నీళ్లు: ఏ పనీ చేయని రోజు కుక్కకి కిలో బరువుకి రోజుకి 50, 60 మిల్లీలీటర్లు కావాలి, భీముడికి 800 మిల్లీలీటర్లు అనుకోండి. కొండెక్కే రోజు చాలా ఎక్కువ. పూటకి వాడి కోసమే లీటరు పట్టుకెళ్తాం, మాది కాకుండా. తెచ్చిన నీళ్లలో సగం అయిపోతే శిఖరం ఎదురుగా ఉన్నా సరే, అక్కడినుంచి వెనక్కే. చెరువు నీళ్లు తాగనివ్వకండి. ముఖ్యంగా పచ్చటి పెయింటు ఒలకపోసినట్టు తెట్టు కట్టిన నీళ్లలోకి అస్సలు దిగనివ్వకండి. నీలి ఆకుపచ్చ నాచులో ఉండే విషం కుక్కని గంటల్లో చంపేయగలదు, దిగి బయటికొచ్చి ఒళ్లు నాక్కున్నా చాలు.

నేల వేడి చూడ్డానికి మీ అరచేతి వెనకభాగం ఏడు సెకన్లు నేల మీద ఆనించండి. మీరు ఆనించలేకపోతే దాని పాదం కూడా ఆనలేదు. ఎండాకాలంలో తెల్లవారుజామున మొదలుపెట్టి పదింటికల్లా బండికి వచ్చేయడమే మార్గం.

తాడు వదలకండి. "మావాడు పిలిస్తే వస్తాడు" అని మీరనొచ్చు, జింక కనిపించనంతసేపూ వస్తాడు. పశువులు మేసేచోట, దూడలున్న ఆవులుంటే దూరంగా చుట్టూ తిరిగి పోండి. ఆవు మీదకొస్తే మాత్రం తాడు వదిలేయండి, కుక్క మీకన్నా వేగంగా తప్పించుకుంటుంది, మీరు దాన్ని పట్టుకుని ఉంటే ఆవు మీ మీదకే వస్తుంది. కుక్క మలాన్ని సంచీలో కట్టి వెనక్కి తెచ్చేయండి, కట్టి దారి పక్కన పెట్టి "వచ్చేటప్పుడు తీసుకెళ్దాం" అనేవాళ్లు ఎవరూ తీసుకెళ్లరు.

కుక్క వీపుకి సంచీ తగిలించాలనుంటే పెరిగిన, ఆరోగ్యంగా ఉన్న కుక్కకే, మొదట దాని బరువులో పదో వంతు దాటకుండా. 14 కిలోల కుక్కకి అది కిలోన్నర కూడా కాదు. దాని సొంత గిన్నె, బిస్కెట్లు, అంతే. మొత్తం కుక్కనే ఎత్తుకుని దిగాల్సి వస్తే ఎలా అన్నది మాత్రం ముందే ఆలోచించండి. దానికోసం జోలెలా మడతపెట్టే సంచీలు దొరుకుతాయి, మడిస్తే గుప్పెడంత. మేము రెండేళ్లు ఊరికే మోశాం. మూడో ఏడు రాయి తగిలి భీముడి గోరు చీలినప్పుడు రెండు కిలోమీటర్లు అందులోనే దించాం.

తిరిగొచ్చాక ఒళ్లు తడమండి

నేరుగా లోపలికి పిలవకండి. మెట్ల దగ్గర నిలబెట్టి చెవుల లోపల, చంకల్లో, తోక కింద, వేళ్ల సందుల్లో చేత్తో తడమండి. గడ్డి ముళ్లు చర్మంలోకి దూరి లోపల్లోపలికి పాకుతాయి, ఆ రోజే తీసేయాలి. గోమార్లు, కొందరు పిడుదులంటారు, కనిపిస్తే సన్న మొనల పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా, నెమ్మదిగా లాగండి. నూనె పోయడం, కాల్చడం లాంటివి చేయకండి, అది లోపలి రసం కక్కుతుంది. లైమ్ జబ్బు అంటించే రకమైనా సాధారణంగా ఒక రోజుకి పైగా కరిచిపట్టుకుని ఉంటేనే అంటిస్తుంది, అంటే రోజూ తడిమితే చాలావరకు గండం గడిచినట్టే.

కుక్కకి గోమార్ల మందు వీపు మీద వేసేవాళ్లు, బండిలో పిల్లి కూడా ఉంటే, ఒక్కసారి ఆగి లేబుల్ చదవండి. కుక్కల మందుల్లో కొన్నింటిలో పర్మెత్రిన్ ఉంటుంది, అది పిల్లికి ప్రాణాంతకం. ఇంట్లో అయితే వేర్వేరు గదులు, ఇక్కడ ఒకే మంచం, పిల్లి వెళ్లి కుక్క వీపు మీదే పడుకుంటుంది. డాక్టర్‌కి "పిల్లి కూడా ఉంది" అని చెప్పి వేరే మందు రాయించుకోండి. అలాగే మన పారాసిటమాల్ బిళ్ల ఒక్కటి పిల్లిని చంపడానికి చాలు. షుగర్ లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్, చాక్లెట్, ద్రాక్ష, ఎండుద్రాక్ష, ఉల్లి కుక్కకి విషం. ట్రెక్కింగ్ బ్యాగులో ఎండుద్రాక్ష ఉంటుంది కదా? ఆ బ్యాగు నేల మీద పెట్టకండి. ఇంజన్ కూలెంట్ కారితే వెంటనే కడిగేయండి, తియ్యగా ఉంటుంది, అవి నాకేస్తాయి, కిడ్నీలు పోతాయి.

డబ్బు, తిండి

తిండి బ్రాండ్ దారిలో దొరుకుతుందో లేదో తెలియదు కాబట్టి వారం, పది రోజులపాటు పాతదానిలో కొత్తది కలుపుతూ మార్చండి, ఒక్కసారి మారిస్తే ఆ చిన్న బండిలో విరేచనాలతో వేగాలి. ఎమర్జెన్సీ వైద్యానికి పక్కన పెట్టిన డబ్బుని డీజిల్‌కి వాడకండి. ఇన్సూరెన్స్ తీసుకుంటే మీరు తిరిగే దేశాలన్నిటిలో చెల్లుతుందా, స్థిర చిరునామా లేకపోయినా ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా అడగండి.

అది ముసలిదయ్యాక

భీముడికి ఇప్పుడు 12 ఏళ్లు. మెట్లకి వాలుబల్ల పెట్టాం, దాని మీద గరుకు పట్టీ అతికించాం. మంచం ఎక్కడానికి చిన్న ఫోమ్ దిమ్మ. పొద్దున కీళ్లు పట్టేసి ఉంటాయి కాబట్టి లేవగానే నడక కాదు, ముందు పది నిమిషాలు బండి చుట్టూనే. ఒకప్పుడు 12 కిలోమీటర్ల దారులు చూసేవాళ్లం, ఇప్పుడు మ్యాప్‌లో వెతికేది చదునుగా, నీడగా, నీళ్ల పక్కన, మధ్యలో బెంచీ ఉండే రెండు కిలోమీటర్లు. వాడికి అలుపొస్తే జోలె సంచీలో కూర్చుంటాడు, నేను మోస్తాను, వాడు అటూ ఇటూ చూస్తూ ముక్కు పైకెత్తి గాలి పీలుస్తాడు.

మీ కుక్కకో పిల్లికో ఎనిమిదేళ్లు దాటితే ఆరు నెలలకోసారి రక్తపరీక్ష చేయించండి, వీలైతే ప్రతిసారీ ఒకే డాక్టర్ దగ్గర, ఏడాది రూటుని ఆ ఊరు రెండుసార్లు తగిలేలా గీసుకోండి. మేము ఈ ఏడాది అలాగే గీశాం, కొండలు కొన్ని తప్పిపోయాయి.